నాస్ పెట్టెలో ఓపెన్ సోర్స్ ఎంత?

"సార్, ఇది లినక్స్ మీద నడిచే సిస్టమ్." నాస్ పెట్టె కొనడానికి వెళ్తే అమ్మేవాళ్లు చెప్పే మాటల్లో ఇదొకటి. అబద్ధమేమీ కాదు. ఇంట్లో ఫోటోలు, ఆడిటర్ ఆఫీసులో లెక్కలు, స్టూడియోలో పెళ్లి వీడియోలు దాచుకోవడానికి వాడే ఈ పెట్టెలు సైనాలజీవి కానివ్వండి, క్యూనాప్‌వి కానివ్వండి, మూత తీస్తే లోపల ఉండేది కొన్ని హార్డ్ డిస్కులు, ఒక చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద లినక్స్ కెర్నల్. నెట్‌వర్క్ మీద విండోస్ మిషన్లకు ఫైళ్లు అందించేది సాంబా. డిస్కులన్నిటినీ ఒక్కటిగా జతకట్టేది లినక్స్‌లోనే ఉన్న ఎండీ. వాటిపైన జాగా పంచిపెట్టేది ఎల్‌వీఎం. ఇవన్నీ ప్రపంచవ్యాప్తంగా ప్రోగ్రామర్లు రాసి అందరికీ ఇచ్చేసినవే. కంపెనీ తనదిగా చేర్చేది పైన కనిపించే అందమైన తెర, ఫోన్ యాప్‌లు, బ్యాకప్ పనిముట్లు, అక్కడక్కడా కొన్ని మార్పులు. ఆ పై పొర కోడ్ ఎవరికీ ఇవ్వరు.

అంటే పునాది ఓపెన్, మేడ క్లోజ్డ్. చాలామంది ఇక్కడితో ఆగి, "పునాది ఓపెనే కదా, ఇక భయం దేనికి" అనుకుంటారు. కానీ డబ్బు పెట్టి కొన్నవాడికి సోర్స్ కోడ్ ఎక్కడ దొరుకుతుందన్నది ఆఖరి ప్రశ్న. మొదటి ప్రశ్న వేరు. పెట్టె బోర్డు కాలిపోయిందనుకుందాం, డిస్కులు మాత్రం బాగానే ఉన్నాయి. అదే కంపెనీ పెట్టె మళ్లీ కొనకుండా ఆ డిస్కులను మామూలు కంప్యూటర్‌లో పెట్టి మన ఫైళ్లు మనం తీసుకోగలమా? ఈ పరీక్ష పెడితే ఓపెన్ సోర్స్ అని చెప్పుకునే పెట్టెల మధ్య తేడాలు బయటపడతాయి.

ముందు డిస్క్ మీద రాత ఎలా ఉంటుందో చూడాలి. డిస్క్ పొలమైతే ఫైల్ సిస్టమ్ దాని అడంగల్. ఏ సర్వే నంబరు ఎవరిది, విస్తీర్ణం ఎంత అన్నది పుస్తకంలో ఉంటుంది కానీ నేల మీద రాసి ఉండదు. పుస్తకం పోతే నేల ఎక్కడికీ పోదు, అయితే ఏది ఎవరిదో చెప్పేవాడుండడు. డిస్క్ కూడా అంతే. ఫోటోల బిట్లన్నీ పళ్లెం మీద పదిలంగా ఉన్నా, ఏ ఫైలు ఏ బ్లాకులో మొదలై ఏ బ్లాకులో ముగుస్తుందో చెప్పే లెక్క చదవలేకపోతే అవి వట్టి సున్నాలూ ఒకట్లే.

నాస్‌లో ఒక డిస్క్ కాదు, చాలా ఉంటాయి కాబట్టి చిక్కు ఇంకో మెట్టు పెరుగుతుంది. ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపే పద్ధతుల్లో ఒకటైన రెయిడ్-5ని మూడు డిస్కులతో తీసుకుందాం. మొదటి డిస్క్‌లో 5, రెండో డిస్క్‌లో 7 రాస్తే మూడో డిస్క్‌లో 12 రాసిపెడతారు. రెండోది కాలిపోయిందా, 12 లోంచి 5 తీసేస్తే 7 తిరిగి వస్తుంది. నిజానికి కంప్యూటర్ కూడిక చేయదు, ఎక్స్‌ఓఆర్ అనే బిట్ల లెక్క చేస్తుంది. సూత్రం మాత్రం ఇదే. పైగా ఈ 12 ఎప్పుడూ మూడో డిస్క్ మీదే ఉండదు, వరుస వరుసకీ డిస్క్ మారుతుంది. ఒక్కో ముక్క ఎంత పొడవు, ఏ డిస్క్ ఎన్నోది, లెక్క ముక్క ఏ క్రమంలో చోటు మారుతుంది... ఇదంతా తెలియనిదే డిస్కులను కలపడం కుదరదు. ఎండీ వాడితే ఈ వివరాలన్నీ ప్రతి డిస్క్ మీదా సూపర్‌బ్లాక్ అనే చిన్న చోట రాసి ఉంటాయి. దాన్ని చదవడం ఏ లినక్స్ కంప్యూటర్‌కైనా వచ్చు.

సైనాలజీ ఎస్‌హెచ్‌ఆర్ పేరుతో అమ్మే ఏర్పాటు చాలామందికి ఆ కంపెనీ రహస్య విద్యలా కనిపిస్తుంది. వేర్వేరు సైజుల డిస్కులు పెట్టినా జాగా వృథా కానివ్వదని దానికి పేరు. ఉదాహరణకి ఒక 2 టీబీ డిస్క్, రెండు 4 టీబీ డిస్కులు ఉన్నాయి. మూడింటిలోనూ 2 టీబీ చొప్పున కోసి రెయిడ్-5 కడితే 4 టీబీ వాడుకోవచ్చు. పెద్ద డిస్కుల్లో మిగిలిన చెరో 2 టీబీని ఒకదానికొకటి నకలుగా పెడితే ఇంకో 2 టీబీ. ఈ రెండు ముక్కలనూ ఎల్‌వీఎంతో కలిపేస్తే 6 టీబీ. ఇందులో రహస్యమేమీ లేదు, ఎండీని ఎల్‌వీఎంనీ తెలివిగా పేర్చడమే. అందుకే పెట్టె పాడైతే డిస్కులను ఉబుంటు ఉన్న పీసీకి తగిలించి డేటా ఎలా తీసుకోవాలో సైనాలజీయే తన సహాయ పేజీల్లో చెబుతుంది. ఎండీఏడీఎంకి ఒక ఆదేశం, వీజీచేంజ్‌కి ఒక ఆదేశం, ఆపైన మౌంట్. తన పెట్టె లేకుండా బతకడం ఎలాగో కంపెనీయే రాసిపెట్టడం మెచ్చుకోదగ్గ విషయం.

అయితే ఆ పేజీని జాగ్రత్తగా చదవండి. అందులో చెప్పేది పాత ఉబుంటు గురించి. కొత్త ఉబుంటులో ప్రయత్నించినవాళ్లలో చాలామందికి, డిస్కులు కలిసినా, పైనున్న బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ తెరుచుకోలేదు. కారణం ఆసక్తికరమైనది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లినక్స్‌లో భాగమే, ఓపెనే. సైనాలజీ దానికి తన మార్పులు చేసుకుంది. డిస్క్ మీద ఒకచోట అసలు బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కి తెలియని ఒక గుర్తు పెడుతుంది. పాత కెర్నళ్లు దాన్ని పట్టించుకోకుండా చదివేవి. తర్వాతి కెర్నళ్లలో ప్రతి బ్లాకునూ వాడేముందు తనిఖీ చేసే కాపలా కోడ్ వచ్చింది. తెలియని గుర్తు కనపడగానే అది "ఈ బ్లాకు చెడిపోయింది" అని నిలిపేస్తుంది. డేటా చెడలేదు, కోడ్ దాచలేదు, లైసెన్స్ ఉల్లంఘన జరగలేదు. కంపెనీ చేసిన మార్పు అసలు ప్రాజెక్టులో కలవలేదు, అంతే. దారి మూసుకుపోవడానికి ఆ ఎడబాటు చాలు. ఓపెన్ సోర్స్ మీద కట్టిన వస్తువుల్లో తరచు జరిగేది ఇదే. తీసుకున్నప్పుడు అందరిదీ ఒకటే కోడ్. ఐదారేళ్లకు కంపెనీ కొమ్మ ఒకవైపు, చెట్టు ఇంకోవైపు.

కెర్నల్ సంగతీ అలాంటిదే. సైనాలజీ పెట్టెల సిస్టమ్ డీఎస్‌ఎం 7లో చాలా మోడళ్లు 4.4 కెర్నల్ మీద నడుస్తాయి. లినక్స్ 4.4 విడుదలైంది 2016 జనవరిలో. కెర్నల్ బృందం దాన్ని చూసుకోవడం మానేసింది 2022 ఫిబ్రవరిలో. ఆ తర్వాత బయటపడే లొసుగులకు ప్యాచ్‌లు కంపెనీయే తయారుచేసుకోవాలి. చేస్తున్నామనే కంపెనీ అంటుంది, నమ్మకపోవడానికి నాకు కారణం లేదు. అయితే వేలమంది కళ్లు చూసే కోడ్ అన్న ఓపెన్ సోర్స్ పెద్ద బలం ఇక్కడ పనిచేయడం లేదని మాత్రం ఒప్పుకోవాలి. ఆ కొమ్మను చూసే కళ్లు కొద్ది.

క్యూనాప్ దగ్గరికి వస్తే కొమ్మ ఇంకా దూరం పోయింది. దాని సిస్టమ్ క్యూటీఎస్‌లోనూ ఎండీ, ఎల్‌వీఎం, ఈఎక్స్‌టీ4 ఉన్నాయి. కానీ ఎల్‌వీఎంలో వేగపు డిస్కులూ నెమ్మది డిస్కులూ కలిపి వాడే తన సొంత పొర ఒకటి చేర్చింది. ఆ డిస్కులను మామూలు లినక్స్‌కి తగిలిస్తే "టియర్-థిన్-పూల్" అనే రకం నాకు తెలియదంటూ హెచ్చరిక వస్తుంది, కథ అక్కడ ఆగుతుంది. ఇదే కంపెనీ జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడే క్యూయూటీఎస్ హీరో అనే సిస్టమ్ కూడా అమ్ముతోంది. పేరు జడ్‌ఎఫ్‌ఎసే అయినా ఆ పూల్‌ని, అంటే డిస్కులన్నీ కలిపి కట్టిన నిల్వని, జడ్‌ఎఫ్‌ఎస్ ఓపెన్ సోర్స్ రూపమైన ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్ ఉన్న కంప్యూటర్ తెరవలేదు. ప్రకటనలో జడ్‌ఎఫ్‌ఎస్ అన్న మాట చూసి కొనేవాళ్లలో ఎక్కువమంది ఆశించేది సరిగ్గా ఈ సౌకర్యాన్నే, అక్కడ లేనిదీ అదే.

మరి చట్టం ఏమంటుంది? లినక్స్ కెర్నల్ జీపీఎల్ అనే లైసెన్స్ రెండో వెర్షన్ కింద ఉంది, అది 1991 నాటిది. దాని ప్రకారం పెట్టె అమ్మినవాడు అందులోని జీపీఎల్ కోడ్‌ని, తన మార్పులతో సహా, కొన్నవాడు అడిగితే ఇవ్వాలి. ఇది వట్టి మాట కాదు. 2004లో మ్యూనిక్ కోర్టు ఒక రౌటర్ కంపెనీ మీద, జీపీఎల్ షరతులు పాటించకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అంతకు ముందు ఏడాది లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ ఉందని బయటపడి, ఒత్తిడి పెరిగి, కంపెనీ కోడ్ విడుదల చేసింది. ఆ కోడ్ పునాదిగానే 2004లో రౌటర్లకు ఎక్కించుకునే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. ఈ పేరు గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ పనిపడుతుంది.

జీపీఎల్ బలానికి హద్దులున్నాయి. జీపీఎల్ కోడ్‌ని కదపకుండా దాని పక్కన విడిగా నడిచే ప్రోగ్రాములకు అది వర్తించదు. కాబట్టి తెర, ఫోటో యాప్, బ్యాకప్ యాప్ కంపెనీ సొంతం. రెండోది, కోడ్ ఇచ్చినంత మాత్రాన మీరు మార్చిన కోడ్‌ని ఆ పెట్టె ఒప్పుకుంటుందని లేదు. అమెరికాలో టీవో అనే టీవీ రికార్డర్ కంపెనీ కోడ్ ఇచ్చింది గానీ, తన సంతకం లేని కోడ్‌ని మిషన్ నడపకుండా చేసింది. దాన్ని ఆపడానికే 2007లో జీపీఎల్ మూడో వెర్షన్‌లో షరతు పెట్టారు. లినక్స్ కెర్నల్ మాత్రం రెండో వెర్షన్ దగ్గరే ఉండిపోయింది. ఇక లినక్స్‌కి బదులు ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడే కంపెనీలకు ఈ మాత్రం బెంగ కూడా లేదు. బీఎస్‌డీ లైసెన్స్ రాసినవాళ్ల పేరు ఉంచితే చాలంటుంది, మార్పులు ఇమ్మనదు. పెద్ద ఆఫీసుల్లో, బ్యాంకుల్లో కనిపించే నెట్‌యాప్ ఓన్‌ట్యాప్‌కీ ఐసిలాన్ వన్‌ఎఫ్‌ఎస్‌కీ ఫ్రీబీఎస్‌డీతో చుట్టరికం ఉంది. వాటి ఫైల్ సిస్టమ్‌లు మాత్రం పూర్తిగా కంపెనీల గుప్పిట్లోనే ఉన్నాయి. ఎవరూ తప్పుచేయలేదు, లైసెన్సే అలా రాసుకున్నారు.

కోడ్ ఓపెన్‌గా ఉండి కూడా తలుపు మూసుకున్న కథ వినాలంటే జడ్‌ఎఫ్‌ఎస్ దగ్గరికే వెళ్లాలి. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బోన్‌విక్, మాథ్యూ అహ్రెన్స్ 2001లో మొదలుపెట్టిన ఈ ఫైల్ సిస్టమ్ 2005లో ఓపెన్‌సొలారిస్‌తో పాటు సీడీడీఎల్ అనే లైసెన్స్ కింద అందరి చేతికీ వచ్చింది. ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ లెక్కగట్టి పై బ్లాకులో దాచడం, చెడిన బ్లాకు కనపడితే మంచి నకలు చూసి సరిచేయడం, పాత రాతను చెరపకుండా కొత్తచోట రాయడం దాని విశేషాలు. 2008 నవంబరులో సన్ దీని మీద 7000 సిరీస్ స్టోరేజీ పెట్టెలు తెచ్చింది. ఫిష్‌వర్క్స్ బృందం చేసిన ఆ పెట్టెల్లో ఏ క్లయింటు ఏ ఫైలుని ఎంతసేపు కదిలిస్తున్నాడో గ్రాఫుల్లో చూపించే తెర అప్పట్లో ఓ వింత. అక్కడా అదే పద్ధతి, పునాది ఓపెన్, తెర క్లోజ్డ్.

2010 జనవరిలో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. ఆగస్టు వచ్చేసరికి ఓపెన్‌సొలారిస్‌కి కొత్త కోడ్ విడుదల చేయడం ఆపేసింది. లైసెన్స్ ఉండగా ఎలా కుదిరింది? లైసెన్స్ కట్టేసేది కోడ్ తీసుకున్నవాళ్లని, యజమానిని కాదు. కాపీరైట్ మొత్తం కంపెనీ చేతిలో ఉంటే నిన్నటి కోడ్‌ని వెనక్కి తీసుకోలేదు గానీ, రేపటి కోడ్‌ని దాచుకోగలదు. జడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌కి వెర్షన్ నంబరు ఉండేది. అందరికీ తెలిసిన ఆఖరి నంబరు 28. ఆ తర్వాత ఒరాకిల్ 29, 30, 31 అంటూ ముందుకు పోయింది, వాటి లోగుట్టు బయటివాళ్లకు చెప్పలేదు. 28 దగ్గర మిగిలిపోయినవాళ్లు ఇల్యుమోస్‌గా, ఫ్రీబీఎస్‌డీగా, లినక్స్‌గా చీలి, 2013లో ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్ పేరుతో ఒక్కటయ్యారు. ఒరాకిల్ నంబర్లతో ఎన్నటికీ తగాదా రాకుండా తమ పూల్ వెర్షన్‌ని ఏకంగా 5000 అన్నారు.

వాళ్లు చేసిన ఇంకో పని నాకు మరీ నచ్చింది. నంబరు పద్ధతే ఎత్తేసి, పూల్ తాను వాడుతున్న సౌకర్యాల పేర్లను తన మీదే రాసుకునేలా చేశారు. కొత్త కంప్యూటర్ ఆ జాబితా చదివి, తనకు తెలియనిది ఒకటుంటే, అది చదవడానికి అడ్డొచ్చేదా, రాయడానికి మాత్రమే అడ్డొచ్చేదా చూసుకుంటుంది. రెండోదే అయితే పూల్‌ని చదవడానికి తెరుస్తుంది. చీలికలు ఎలాగూ వస్తాయని ముందే ఒప్పుకుని వేసిన ఎత్తు ఇది. సైనాలజీ గుర్తు, క్యూనాప్ పొర తెచ్చిపెట్టిన తంటాతో పోల్చి చూస్తే డిస్క్ మీది రాతకు పద్ధతి ఎంత అవసరమో తెలుస్తుంది. ఒరాకిల్ ఇప్పటికీ జడ్‌ఎఫ్‌ఎస్ పెట్టెలు అమ్ముతోంది. 28 దాటిన ఆ పూళ్లను ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్ చదవలేదు.

ఇప్పుడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీతో పనిపడే చోటికి వద్దాం. వెస్టర్న్ డిజిటల్ 2010లో మై బుక్ లైవ్ అనే చిన్న పెట్టె తెచ్చింది. పవర్‌పీసీ ప్రాసెసర్, డెబియన్ లినక్స్. 2015తో అప్‌డేట్లు ఆగాయి. 2021 జూన్‌లో ప్రపంచమంతటా వాటి యజమానులు తమ పెట్టెలు ఖాళీ అయిపోయి ఉండటం చూశారు. ఎవరో ఇంటర్నెట్ మీదుగా వాటికి ఫ్యాక్టరీ రీసెట్ ఆదేశం పంపారు. ఆ పని చేసే పీహెచ్‌పీ ఫైలులో పాస్‌వర్డ్ అడిగే వరుసలు ఉన్నాయి. కాకపోతే వాటి ముందు రెండేసి గీతలు గీసి పనిచేయకుండా పక్కన పెట్టారు. 2011లో కోడ్ సర్దుతున్నప్పుడు జరిగిన పొరపాటని కంపెనీ చెప్పింది. పదేళ్లపాటు ఆ వరుసలు అలాగే పడి ఉన్నాయి. లొసుగు డెబియన్‌లో లేదు, పైన కంపెనీ కట్టిన మేడలో ఉంది. కింద పునాది ఎంత గట్టిదైనా తలుపు లేని మేడని అది కాపాడలేదు.

అదే పెట్టె మీద ఇంకో విచిత్రం ఉంది. దాని డిస్క్ ఈఎక్స్‌టీ4, అంటే ఇంతకంటే అందరికీ తెలిసిన ఫైల్ సిస్టమ్ లినక్స్‌లో లేదు. అయినా పీసీకి తగిలిస్తే చాలా ఏళ్లపాటు లినక్స్ దాన్ని మౌంట్ చేయనంది. ఆ పెట్టెలో బ్లాకు సైజు 64 కేబీ. పీసీ ప్రాసెసర్ మెమరీని 4 కేబీ పేజీలుగా చూస్తుంది, పేజీ కంటే పెద్ద బ్లాకుని ఈఎక్స్‌టీ4 ఒప్పుకునేది కాదు. కానీ రాత పద్ధతి అందరికీ తెలిసినదే కాబట్టి, కెర్నల్‌లోని ఈఎక్స్‌టీ4 కోడ్‌తో సంబంధం లేకుండా ఫ్యూజ్ అనే ఏర్పాటు ద్వారా చదివే ప్రోగ్రాములు పనికొచ్చాయి. కంపెనీ చేతులు దులుపుకున్న ఈ పెట్టెకే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కొత్త ఊపిరి పోసింది. పాత ఫర్మ్‌వేర్ తీసేసి దాన్ని ఎక్కించుకున్నవాళ్ల దగ్గర రీసెట్ ఆదేశం వినే పాత ఫైలు అసలు ఉండదు. ఓపెన్ పునాది నిజంగా అక్కరకొచ్చిందంటే అప్పుడే, కంపెనీ వెళ్లిపోయాక. బాధేమిటంటే ఆ పెట్టె కొన్నవాళ్లలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పేరు విన్నవాళ్లు ఎంతమందుంటారు?

దీనికి పూర్తి విరుద్ధం డ్రోబో అనే పెట్టె. దాని బియాండ్‌రెయిడ్ కంపెనీ సొంత పద్ధతి. వాడటం మహా తేలిక, డిస్క్ తోస్తే చాలు. మాతృసంస్థ స్టోర్‌సెంట్రిక్ 2022లో దివాలా పిటిషన్ వేసి, 2023లో ఆస్తులు అమ్మేసే దశకు చేరింది. డ్రోబో చెడిపోతే ఇంకో పాత డ్రోబో వెతుక్కోవాలి, లేదా డేటా రికవరీ వాళ్లకు సమర్పించుకోవాలి.

ఓపెన్ అన్న మాటకు దగ్గరగా ఉన్నది నా లెక్కలో ట్రూనాస్. 2005లో ఒలివియర్ కొషార్-లబ్బే అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ ఫ్రీనాస్‌గా మొదలుపెట్టిన ప్రాజెక్టును తర్వాత ఐఎక్స్‌సిస్టమ్స్ కంపెనీ చేపట్టింది. కంపెనీ పెట్టెలు అమ్ముతుంది, దాదాపు అదే సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా దించుకుని పాత పీసీ మీద నడుపుకోవచ్చు. పెట్టె పోయినా ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్ ఉన్న ఏ కంప్యూటర్ అయినా పూల్‌ని తెరుస్తుంది. అక్కడా పగ్గాలు కంపెనీ చేతిలోనే ఉన్నాయి. ఫ్రీబీఎస్‌డీ నుంచి డెబియన్ లినక్స్‌కి మారాలని నిర్ణయించింది కంపెనీయే, వాడేవాళ్లు వెంట నడవాల్సి వచ్చింది. ఒక కంట్రోలర్ పడిపోతే రెండోది అందుకునే ఏర్పాటు కావాలంటే వాళ్ల పెట్టె, వాళ్ల లైసెన్స్ కొనాల్సిందే. కాకపోతే నచ్చనివాళ్లు విడిపోవచ్చు. అసలు ఫ్రీనాస్ పాత కోడ్ ఇప్పటికీ క్సిగ్మానాస్ పేరుతో బతికే ఉంది.

విడిపోలేనివాళ్ల గతి ఏమిటో 2025లో సైనాలజీ చూపించింది. ఆ ఏడాది వచ్చిన ప్లస్ మోడళ్లలో తన బ్రాండు డిస్కులో, తాను ధ్రువీకరించినవో పెడితేనే కొత్త పూల్ కట్టనిస్తానంది. సాంకేతికంగా ఒక సాటా డిస్క్‌కీ ఇంకో సాటా డిస్క్‌కీ లినక్స్‌కి తేడా లేదు. తేడా కంపెనీ పొరలో ఉన్న ఒక జాబితాది. పెట్టెలోకి రూట్‌గా లాగిన్ అయ్యే దారి ఉంది కాబట్టి, ఆ జాబితాలో తమ డిస్కుల పేర్లు చేర్చుకునే స్క్రిప్టులు రాసి పంచుకున్నారు వాడేవాళ్లు. అక్టోబరులో డీఎస్‌ఎం 7.3తో కంపెనీ వెనక్కి తగ్గింది. తగ్గించింది లైసెన్స్ కాదు, కొనేవాళ్ల కోపం.

సైనాలజీ కొనొద్దని నేననను. నెలకోసారి కూడా కమాండ్ లైన్ ముఖం చూడని స్టూడియో యజమానికి ట్రూనాస్ అంటగడితే అతని డేటాకి ఎక్కువ ప్రమాదం. క్యూనాప్ కొనేవాళ్లకూ కారణాలుంటాయి, ధరలూ పోర్టులూ ఉంటాయి. కొనండి. కానీ అమ్మేవాణ్ని "ఇది ఓపెన్ సోర్సా" అని అడగకండి, అవుననే అంటాడు. "ఈ డిస్కులు మామూలు లినక్స్ పీసీలో చదవొచ్చా" అని అడగండి. జవాబు నమ్మకుండా, అసలు డేటా ఎక్కించకముందే మీరే చూడండి. నాలుగు ఫోటోలు కాపీ చేసి, పెట్టె ఆపేసి, డిస్కులన్నీ తీసి ఒక పీసీకి తగిలించి, పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ నడిపి, చదవడానికి మాత్రమే ఉండేలా మౌంట్ చేయండి. ఫోటోలు తెరుచుకుంటే ఏ వెర్షన్‌తో, ఏ ఆదేశాలతో తెరుచుకున్నాయో కాగితం మీద రాసి పెట్టె కిందే అంటించండి. తెరుచుకోకపోతే, పెళ్లి వీడియోల రెండో కాపీ వేరే కంపెనీ డిస్క్ మీద, వేరేచోట, మామూలు ఫైళ్లుగా ఉంచుకోండి. తెరుచుకున్నా ఉంచుకోండి.